రెండు విద్యల వాళ్ళకి మా పేట రూల్స్

నరసరావుపేటలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతామంటే బెంగుళూరులో ఉన్న మా టీమ్ వాళ్ళు నమ్మరు. పేటలోనేమో అదేంటో తెలిసినవాళ్ళే తక్కువ కాబట్టి నమ్మడం, నమ్మకపోవడం అనే ప్రసక్తే రాదు. ఆడతామండీ. 2021 వేసవి నుంచి, ఆదివారం భోజనాలయ్యాక, కరెంటు ఉంటే ముందుగదిలో, పోతే మేడమెట్ల నీడలో. మా అక్క పిల్లలిద్దరూ, అదే వీధిలో ఉండే వాళ్ళ స్నేహితులిద్దరూ, వెరసి నలుగురు. నేను సూత్రధారిని. పుస్తకంలో డంజన్ మాస్టర్ అంటారే, అదన్నమాట. మొదట్లో ఆ స్నేహితులిద్దరూ నన్ను అంకుల్ అన్నారు. అన్నా అంటేనే ఆట అని చెప్పాక దారికొచ్చారు :)

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇందులో ఒకళ్ళు గెలిచి ఇంకొకళ్ళు ఓడిపోవడం ఉండదు. ఒక్కొక్కళ్ళూ ఒక్కో పాత్ర. "కోటగోడ దగ్గరున్నావు, పైన కాపలావాడు కునుకు తీస్తున్నాడు, ఏం చేస్తావు?" అని నేనడుగుతాను. "ఎక్కుతా" అంటాడు. ఇరవై ముఖాల పాచిక వేస్తాడు. ఎక్కాడా, జారాడా అన్నది పాచిక, కాగితం మీద ఉన్న అంకెలు కలిసి తేలుస్తాయి. ప్రతి పాత్రకీ ఒక క్లాస్ ఉంటుంది. కత్తి పట్టేవాడు ఫైటర్, గ్రంథాలు తిరగేసి మంత్రాలు నేర్చినవాడు విజర్డ్, దేవుడి బలంతో పనిచేసేవాడు క్లెరిక్, తాళాలు తీసేవాడు రోగ్, పాటతోనూ మాటతోనూ పని సాధించేవాడు బార్డ్, ఇలా. అనుభవం వచ్చేకొద్దీ లెవెల్ పెరుగుతుంది, ఒకటి నుంచి ఇరవై దాకా. ఒకే పాత్రకి రెండు క్లాసులు కలపడాన్ని మల్టీక్లాస్ అంటారు. ఆట పుట్టి యాభై ఏళ్ళు దాటింది. ఈ కలపడం దగ్గర మాత్రం అందరూ ఒప్పుకునే రూలు ఇంతవరకూ రాలేదు.

రాకపోతే ఏం చేస్తాం, ఇంటి రూలు పెట్టుకుంటాం. ఈ విషయంలో మనకి ఎవరూ పాఠాలు చెప్పక్కర్లేదు. అష్టాచెమ్మా తీసుకోండి. ఎదుటివాడి కాయని ఒక్కటైనా చంపితేగానీ లోపలి గళ్ళలోకి పోకూడదని ఒక ఇంట్లో, ఎప్పుడైనా పోవచ్చని పక్కింట్లో. పెళ్ళిళ్ళకి చుట్టాలందరూ చేరినప్పుడు ఆట కంటే ముందు అరగంట ఈ పంచాయితీయే. ఎవరి రూలు నెగ్గితే ఆ పూట ఆట స్వరూపమే వేరు. రూలు అనేది చిన్న విషయం కాదని నాకు ప్రోగ్రామింగ్ కంటే ముందు అష్టాచెమ్మా నేర్పింది.

సరే, అసలు గొడవ ఏంటో చెప్తాను. మేం ఆడేది 2014లో వచ్చిన ఐదో ఎడిషన్. దాని మూల నియమాల పుస్తకాన్ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద వదిలేశారు కాబట్టి, కావలసిన పేజీలు ప్రింటు తీయించి స్పైరల్ బైండింగు చేయించాను. మా మేనకోడలు తన పాత్రని నాయకురాలు నాగమ్మ పోలికలతో చేసుకుంది. మాటతో సభని తిప్పాలి, అవసరమైతే గుర్రమెక్కి సైన్యాన్ని నడపాలి. అంటే బార్డ్ మూడు లెవెల్సు, ఫైటర్ రెండు. మొత్తం ఐదు. అక్కడొచ్చింది చిక్కు.

ఈ ఆటలో ఐదో లెవెల్ పెద్ద మెట్టు. వట్టి ఫైటర్ కి ఐదులో ఒకే విడతలో రెండు దెబ్బలు కొట్టే హక్కు వస్తుంది. వట్టి విజర్డ్ కి, బార్డ్ కి మూడో స్థాయి మంత్రాలు అందుతాయి, విజర్డ్ కయితే ఫైర్ బాల్ అనే అగ్నిగుండం అందులోనే. ఇకపోతే మూడు-రెండు కలిపిన మనిషికి? రెండూ రావు. అటు రెండో దెబ్బ లేదు, ఇటు మూడో స్థాయి మంత్రమూ లేదు. శత్రువులు మాత్రం ఐదో లెవెల్ కి తగ్గట్టే వస్తారు. ఆ నెలంతా మా మేనకోడలు తన వంతు రాగానే ఒక దెబ్బ కొట్టి, తగిలిందో లేదో చూసుకుని, ఫోను తీసేది. "నాగమ్మ ఇంత చచ్చుదా మావయ్యా?" అంది ఒకరోజు. ఆట మీద విసుగు పుట్టడానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు. ఆ పిల్ల మానేస్తే మిగతా ముగ్గురూ మానేస్తారు, నాకు ఆ సంగతి బాగా తెలుసు.

ఇది ఇప్పటి జబ్బు కాదు. ఎడిషన్ ఎడిషన్ కీ దీనికి ఒక కొత్త మందు వేస్తూనే ఉన్నారు. 1974లో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన తొలి ఆటలో మూడే క్లాసులు. అందులో ఎల్ఫ్ అనే జాతివాడు మాత్రం ఒక సాహసంలో యోధుడిగా, ఇంకో సాహసంలో మాంత్రికుడిగా ఆడొచ్చు. మధ్యలో మార్చుకోకూడదు. మన పగటివేషాల వాళ్ళ పద్ధతి, ఏ రోజు వేషం ఆ రోజుదే.

1978లో గైగాక్స్ రాసిన అడ్వాన్స్‌డ్ పుస్తకంలో కథ ఇంకో మలుపు తిరిగింది. రెండు క్లాసులు ఒకేసారి సాగించడం ఎల్ఫులు, మరుగుజ్జులు వంటి జాతులకే. మనిషికి ఆ హక్కు లేదు. మనిషి కావాలంటే పాత క్లాసు పూర్తిగా వదిలేసి కొత్తది మొదటి లెవెల్ నుంచి మొదలెట్టాలి. దానికి పాత క్లాసు ముఖ్యగుణం 15, కొత్తదాని ముఖ్యగుణం 17 ఉండాలి. మూడు పాచికలు వేస్తే గరిష్ఠం 18 అని గుర్తుంచుకోండి, 17 అంటే లాటరీ. పైగా కొత్త లెవెల్ పాత లెవెల్ ని దాటేదాకా పాత విద్య వాడాడా, ఆ సాహసంలో సంపాదించిన అనుభవం గోవిందా.

ఈ చివరి రూలు మొదటిసారి చదివినప్పుడు నాకు విశ్వామిత్రుడు గుర్తొచ్చి నవ్వాగలేదు. రాజుగా మొదలెట్టాడు. వశిష్ఠుడి దగ్గర ఓడిపోయి, క్షత్రియ బలం పనికిరాదని తపస్సుకి కూర్చున్నాడు. కొంత సంపాదించగానే త్రిశంకుడి కోసం పంతానికి పోయాడు, ఖర్చయిపోయింది. మళ్ళీ కూర్చున్నాడు, మేనక. మళ్ళీ కూర్చున్నాడు, రంభ మీద కోపమొచ్చి శపించాడు, పాత రాజుగారి కోపమే అది, మొత్తం సున్నా. చివరికి వశిష్ఠుడి నోటే బ్రహ్మర్షి అనిపించుకున్నాక, అంటే కొత్త లెవెల్ పాతదాన్ని దాటాక, అప్పుడు రాముడికి అస్త్రాలన్నీ ఉపదేశించాడు. అప్పటికి రెండు విద్యలూ చేతిలో ఉన్నాయి, జరిమానా లేదు. గైగాక్స్ గారు బాలకాండ చదివుంటారని నేననడం లేదు. కానీ ఆ రూలుని మా పిల్లలకి అర్థమయ్యేలా చెప్పాలంటే నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

కథగా గొప్ప రూలే. ఆటగా మాత్రం ఆదివారానికి మూడు గంటలు ఆడే పిల్లల మీద వెయ్యేళ్ళ తపస్సు రుద్దడమే.

2000లో వచ్చిన మూడో ఎడిషన్ తలుపులు బార్లా తీసింది. ఎవరైనా, ఏ లెవెల్ లోనైనా, ఏ క్లాసైనా. క్లాసుల మధ్య తేడా ఎక్కువైతే అనుభవంలో ఇరవై శాతం కోత అని ఒక పన్ను పెట్టారు, అంతే. ఇక్కడ నాలాంటి ప్రోగ్రామర్ కి కంటిలో నలుసులా గుచ్చుకునేది ఇంకోటుంది. దెబ్బ తగిలే బలాన్ని క్లాసు క్లాసుకీ విడిగా లెక్కేసి, భిన్నాలు కొట్టేసి, ఆ తర్వాత కూడతారు. విజర్డ్ ఒక లెవెల్ కి అర, రోగ్ కి ముప్పావు, బార్డ్ కి ముప్పావు. కూడితే రెండు రావాలి. ముందే కిందికి రౌండ్ చేసేస్తే సున్నా, సున్నా, సున్నా. మూడు విద్యలు నేర్చినవాడికి మొత్తం సున్నా! అదే ఆత్మరక్షణ అంకెల దగ్గర ఉల్టా. కలిసొచ్చే క్లాసులైతే ప్రతి కొత్త క్లాసుకీ మొదటి లెవెల్ లోనే రెండేసి వచ్చిపడతాయి, దానికోసమే ఒక్కొక్క లెవెల్ రుచి చూసి వదిలేసేవాళ్ళు తయారయ్యారు. 2004లో అన్ఎర్త్డ్ ఆర్కేనా అనే పుస్తకంలో భిన్నాలు భిన్నాలుగానే కూడండి అని ఒక ఐచ్ఛిక నియమం ఇచ్చారు. జీతాల సాఫ్ట్‌వేర్ లో ముందు రౌండ్ చేసి తర్వాత కూడితే ఆడిటర్ ఊరుకుంటాడా? దీనికి నాలుగేళ్ళు పట్టింది.

2008 నాటి నాలుగో ఎడిషన్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు, రెండో క్లాసుని చిటికెడు ఉప్పులా మార్చింది. 2014 ఐదో ఎడిషన్ మళ్ళీ తలుపు తీసి గడపలో ఒక కర్ర అడ్డం పెట్టింది. ఉన్న క్లాసు ముఖ్యగుణమూ, చేరబోయే క్లాసు ముఖ్యగుణమూ రెండూ 13 ఉండాలి. మా ఇంట్లో అసలు రగడ మొదలైంది ఈ పదమూడు దగ్గరే.

దానికి ముందు మా ఆట ఎక్కడ జరుగుతుందో చెప్పాలి. పల్నాటి వీరుల కాలం నాటి సీమ లాంటి సీమలో. అచ్చంగా ఆ చరిత్రే కాదు, మంత్రాలూ రాక్షసులూ కలిపాను. అన్నట్టు, గురజాల, మాచర్ల వాళ్ళు పేటని అసలు పల్నాడు కింద లెక్కవెయ్యరు. 2022 ఏప్రిల్ లో పల్నాడు జిల్లా ఏర్పడి మా ఊరు జిల్లా కేంద్రమయ్యాక కూడా మా ఆఫీసులో పనిచేసే మాచర్ల కుర్రాడు "మీది పల్నాడేంటి బాసూ" అంటాడు. సరేలెండి.

పిల్లలకి ఆ కథ పైపైన తెలుసు. కారంపూడిలో కార్తీక అమావాస్యకి మొదలయ్యే వీరుల తిరునాళ్ళు చూశారు, 1966 సినిమా టీవీలో చూశారు, ఎన్టీరామారావు బ్రహ్మనాయుడు, భానుమతి నాగమ్మ. ఈ కథని ఆటలోకి తెస్తే నాకు మొదట కనబడిందేంటంటే, ఇందులో ఒక్క క్లాసు మనిషి ఒక్కడూ లేడు. బ్రహ్మనాయుడు మంత్రి, యోధుడు, చెన్నకేశవుడి భక్తుడు. నాగమ్మ నలగామరాజు కొలువులో మంత్రి, యుద్ధభూమిలో సేనాని. బాలచంద్రుడితో కలిసి పెరిగిన తమ్ముళ్ళలో బ్రాహ్మణుడు అనపోతరాజున్నాడు, వృత్తికొకడు చొప్పున మిగతా కులాల వాళ్ళున్నారు, అందరూ కత్తి పట్టారు. మాల కులస్థుడు కన్నమదాసు బ్రహ్మనాయుడి సేనలకి నాయకుడు. అందరూ ఒక్క చాప మీద తిన్న చాపకూడు సంగతి మనకి తెలిసిందే. పన్నెండో శతాబ్దంలో నిజంగా ఎంత జరిగిందో చరిత్రకారులు తేల్చుకుంటారు. పాడుకున్న కథ మాత్రం అదీ.

నలుగురిలో ఒక కుర్రాడున్నాడు, అందరికంటే తక్కువ మాట్లాడతాడు, అందరికంటే ఎక్కువ రాసుకుంటాడు. ఆట మొదలైన కొత్తలో, నేను క్లాసుల పేజీ తెరిచి "ముందు మీ క్లాస్ ఏంటో తేల్చుకోండి" అన్నాను. వాడు కాసేపు ఊరుకుని "క్లాస్ అంటే కులమా అన్నా?" అన్నాడు.

మా మేనల్లుడు పకపకా నవ్వాడు. వాడు నవ్వలేదు. నిజంగానే అడిగాడు. ఆలోచించండి, ఆట మొదట్లోనే ఒకటి అంటగడతారు, నువ్వేం చెయ్యొచ్చో ఏం చెయ్యకూడదో అది చెబుతుంది, ఏ ఆయుధం పట్టుకోవాలో, ఏ గ్రంథం ముట్టుకోవాలో కూడా అదే చెబుతుంది, మార్చుకోవడం కష్టం. పేటలో పుట్టి పెరిగిన పద్నాలుగేళ్ళ పిల్లాడికి ఈ వివరణకి సరిపోయే మాట ఇంకేం తడుతుంది?

"కాదురా, నేర్చుకునే విద్య" అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక అదే ఖాయం చేశాం. మా బల్ల దగ్గర క్లాస్ అనే మాట లేదు. విద్య. కత్తివిద్య, మంత్రవిద్య, దొంగవిద్య, పాటవిద్య. తెలుగులో ఈ మాటకి ఉన్న సుఖం ఏంటంటే, విద్య అన్నాక అది ఎవడో ఒకడు నేర్పేదీ, ఇంకొకడు నేర్చుకునేదీ అని దానంతటదే అర్థమైపోతుంది. కారంపూడిలో వీరుల కథని తరాలుగా పాడుతున్న మాల గాయకుల్ని వీరవిద్యావంతులు అనే అంటారు. జీన్ రోఘైర్ అనే అమెరికన్ పరిశోధకుడు 1982లో ఆక్స్‌ఫర్డ్ ద్వారా ఇంగ్లీషులో వేసిన పల్నాటి వీరుల కథ అలాంటి విద్యావంతుడు అలిసెట్టి గాలెయ్య పాడినదే. ఈ సంగతి వాడికి చెబితే నోట్సులో రాసుకున్నాడు.

ఏడాది తర్వాత వాడి పాత్ర, కన్నమదాసు పోలికలతో చేసిన కత్తివిద్య వాడు, నాలుగో లెవెల్ కొచ్చాడు. "అన్నా, ఇప్పుడు నేను మంత్రాలు నేర్చుకోవచ్చా?" అన్నాడు. మా మేనల్లుడు పుస్తకం తిరగేసి క్షణంలో తీర్పిచ్చేశాడు. "నీ బుద్ధి 11 రా. 13 కావాలి. కుదరదు." వైకుంఠపాళి పాచికలు నాలుగేసి, తక్కువది తీసేసి, మొదటిరోజు వాడు వేసుకున్న అంకె అది. పుట్టుకతో వచ్చిన అంకె. కన్నమదాసు కత్తి పట్టొచ్చు, గ్రంథం ముట్టకూడదు అని నా ముందుగదిలో, నా పుస్తకం చూసి, నా మేనల్లుడు అంటున్నాడు. వాడు రూలు చదివాడంతే, వాడిదేం లేదు. ఎదుటివాడు ఏమీ అనకుండా నోట్సు మూసేశాడు.

ఆ రాత్రి కూర్చుని ఒక లెక్క వేశాను. ఈ పదమూడు రూలు ఎవర్ని ఆపుతోంది?

రూలు సమర్థించే నా బెంగుళూరు మిత్రులు అనేది, ఇది లేకపోతే ఆటలో తూకం పోతుందని. చూద్దాం. రూళ్ళ సందుల్లోంచి దూరి బలం పెంచుకునే కలయికలన్నీ ఒకే గుణం మీద నడిచేవి. ఉదాహరణకి 2017 నాటి పుస్తకంలో వచ్చిన హెక్స్‌బ్లేడ్ అనే వార్లాక్, అంటే ఏదో శక్తితో ఒప్పందం కుదుర్చుకున్న మాంత్రికుడు. దాంట్లో ఒక్క లెవెల్ తీసుకుంటే కత్తి కూడా ఆకర్షణ గుణంతోనే తిప్పొచ్చు. దీన్ని పాలడిన్ అనే ధర్మయోధుడికి కలుపుతారు. పాలడిన్ కి ఆకర్షణ ముందే పదహారు, పదిహేడు ఉంటుంది. పదమూడు వాణ్ణి ఆపుతుందా? గడప మీద కర్ర ఉన్నట్టు కూడా తెలీదు, దాటుకుంటూ పోతాడు. మరి ఆగేదెవడు? బుద్ధి 11 ఉన్న ఫైటర్. వాడు మంత్రం నేర్చి ఏం ప్రళయం తెస్తాడు? ఐదో లెవెల్ లో వాడి మంత్రాన్ని తప్పించుకోవడానికి శత్రువుకి 11 వస్తే చాలు, అంటే ఇరవైలో సగం సార్లు మంత్రం ఉత్తిదే. తక్కువ గుణానికి శిక్ష అంకెల్లో ముందే ఉంది, ప్రతి పాచికలోనూ కడుతూనే ఉంటాడు. దాని మీద ప్రవేశమే లేదు అనడం రెండో జరిమానా. తూకం చెడగొట్టేవాణ్ణి వదిలేసి, చెడగొట్టలేనివాణ్ణి మాత్రమే ఆపే ఫిల్టర్ ని మా ఆఫీసు కోడ్ రివ్యూలో ఎవరూ పాస్ చెయ్యరు.

కాబట్టి పదమూడు తీసేశాం. దాని బదులు, కొత్త విద్య కావాలంటే కథలో గురువుని వెతుక్కోవాలి. ఆయన పెట్టిన పని చెయ్యాలి, ఆట కాలంలో కనీసం మూడు వారాలు. ఖరీదు ఉంది, కాలంతో కట్టాలి. పుట్టుక అంకెతో కాదు.

గురువుని గుత్తికొండ బిలంలో పెట్టాను. బ్రహ్మనాయుడు యుద్ధం తర్వాత ఆ బిలంలోకే వెళ్ళిపోయాడని కథ కదా. (ఎప్పుడైనా పిడుగురాళ్ళ వైపు వెళితే చూడండి, వేసవిలో కూడా లోపల చల్లగా ఉంటుంది.) గురువు వీళ్ళని చూసి ఒకటే ప్రశ్న వేశాడు. "దీపం లేకుండా దిగారు గదా, ఎన్ని మెట్లు?" రెండు వారాల క్రితం బిలం వర్ణిస్తూ నలభై ఒక్క మెట్లు అని మాటవరసకి అన్నాను. ముగ్గురు తెల్లమొహం వేశారు. మన నోట్సు కుర్రాడు పేజీ తిప్పి "నలభై ఒకటి. ముప్పయ్యోది విరిగింది" అన్నాడు. పాచిక వెయ్యలేదు. బుద్ధి పదకొండు అన్న వాడు ఇతనేనా అని మా మేనకోడలు వాళ్ళన్నని గిల్లింది.

వాడు ఇప్పుడు తెలివిగా, గురి అక్కర్లేని మంత్రాలే ఏరుకున్నాడు. మ్యాజిక్ మిసైల్ ఎలాగూ తప్పదు, షీల్డ్ కి బుద్ధితో పనిలేదు. పదకొండుతో ఎలా బతకాలో పుస్తకం కంటే వాడికే బాగా తెలుసు.

ఇక ఐదో లెవెల్ గొయ్యి. దానికి వంతెన వేశాం. రెండు విద్యల్లోనూ కనీసం రెండేసి లెవెల్సు ఉండి, మొత్తం ఐదు అయినప్పుడు, ఒకటి కోరుకోవచ్చు. రోజుకి మూడుసార్లు రెండో దెబ్బ, లేదా రోజుకి ఒక్కసారి, తన విద్యలో ఉన్న ఒకే ఒక మూడో స్థాయి మంత్రం. వట్టి ఫైటర్ కి రెండో దెబ్బ ఎన్నిసార్లైనా ఉంది కాబట్టి వాడి గౌరవానికి భంగం లేదు. అసలుది వచ్చిన రోజున వంతెన పోతుంది. మా మేనకోడలు రెండో దెబ్బ తీసుకుంది. నాగులేరు ఒడ్డు పోరులో మొదట తన పాటవిద్యతో శత్రుసేనాపతిని మాటల్లో పెట్టి, వాడు అటు తిరగ్గానే రెండు దెబ్బలు వరసగా వేసింది. ఆ ఆదివారం ఫోను బల్ల మీదే బోర్లా ఉండిపోయింది.

మూడో రూలు మా మేనల్లుడి పుణ్యం. పదమూడు తీసేశానని తెలియగానే వాడు, చెన్నకేశవుడి పేరు మీద ఒట్టేసిన ధర్మయోధుడు, ఒక్కటంటే ఒక్క లెవెల్ వార్లాక్ తీసుకుంటానని వచ్చాడు.

"దేనికిరా?"

"క్యారెక్టర్ డెవలప్‌మెంట్ మావయ్యా."

"గురువెవరు?"

"దారిలో ఒక దెయ్యం కనబడిందనుకో..."

అందుకని, రెండో విద్య మొదలెడితే వరసగా మూడు లెవెల్సు అందులోనే ఎక్కాలి, అప్పటిదాకా పాత విద్యలో లెవెల్ పెరగదు అని పెట్టాం. పాతది వాడుకోవచ్చు, విశ్వామిత్రుడి జరిమానా లేదు. కానీ ఒక్క ముద్ద తిని విస్తరి మార్చడం కుదరదు. వాడు వారం రోజులు అలిగి, కాలిక్యులేటర్ తో కుస్తీపట్టి, చివరికి ధర్మయోధుడిగానే ఉండిపోయాడు. 2024లో వచ్చిన కొత్త పుస్తకంలో ఉపశాఖలన్నీ మూడో లెవెల్ నుంచే ఇస్తున్నారు. "చూశావా, వాళ్ళూ మూడే అన్నారు" అని వాడికి చూపించి కొంచెం ఎగిరాను, ఒప్పుకుంటాను.

పరీక్షల నెలల్లో ఇద్దరే వచ్చేవాళ్ళు. అప్పుడు 2004 పుస్తకంలోనే ఉన్న గెస్టాల్ట్ పద్ధతి వాడాం, అంటే ప్రతి పాత్రకీ ప్రతి లెవెల్ లోనూ రెండు క్లాసుల మంచీ కలిపి ఇచ్చెయ్యడం. ఇద్దరే ఉన్న ఆటకి చాలా బాగుంటుంది. నలుగురికి మాత్రం పెట్టకండి, ఎవరికీ ఎవరితోనూ అవసరం ఉండదు.

ఇదంతా నడుస్తుండగా మా ఇంట్లో అసలు మల్టీక్లాస్ పంచాయితీ వేరే జరిగింది. మా మేనకోడలు 2025లో టెన్త్ పాసయింది. దానికి లెక్కలిష్టం, బయాలజీ ఇష్టం. మన దగ్గర పదిహేనేళ్ళకి ఎంపీసీనా, బైపీసీనా అని అడుగుతారు, అదే క్లాసు. సరిగ్గా ఆ ఏడాదే మన ఇంటర్ బోర్డు ఎంబైపీసీ అని, రెండూ చదువుకునే వీలు పెట్టింది. కాలేజీకి వెళ్ళి అడిగితే, ఏ కాలేజీ అన్నది వదిలెయ్యండి, కౌంటరు దగ్గరాయన "రెండు పడవలమ్మా, ర్యాంకు రాదు" అన్నాడు. మా బావ సగం మెత్తబడ్డాడు. మా మేనకోడలు మాత్రం ఆయన్ని సూటిగా అడిగింది, "సార్, కాలం ఎక్కువ పడుతుందంటున్నారా, అసలు కుదరదంటున్నారా?" అని. ఆయన కాలమే అన్నాడు. చేరింది. ఆదివారాలు ఇప్పుడు నెలకి రెండే వస్తోంది.

ప్రస్తుతం బల్ల మీద ఉన్న పిటిషన్ ఇది. మా రూల్స్ ప్రకారం రెండు విద్యలకి మించకూడదు. మా మేనల్లుడు బ్రహ్మనాయుణ్ణి చూపించి, మంత్రి, యోధుడు, భక్తుడు, మూడున్నాయి కదా, మూడో విద్య ఇవ్వాల్సిందే అంటున్నాడు. మా మేనకోడలేమో, ఆయనకి మూడూ వచ్చేసరికి కొడుకు యుద్ధానికెళ్ళే వయసొచ్చింది, కాబట్టి పన్నెండో లెవెల్ దాటాకే ఇవ్వాలంటోంది. నోట్సు కుర్రాడు ఇంకా ఏ పక్షమో చెప్పలేదు. నాలుగో అబ్బాయికి దేనికైనా సరే. ఓటింగు వచ్చే ఆదివారం, సమానమైతే సూత్రధారి ఓటు. నాలుగో అబ్బాయికి మా మేనల్లుడు నిన్న సాయంత్రం మిరపకాయ బజ్జీలు కొనిపెట్టాడని సమాచారం అందింది.